ఎడమ వెనక చక్రం సప్పుడు

"బేరింగే చెల్లె, డౌటే లేదు," అన్నాడు జలపతి. కారు దగ్గరికి రానైనా రాలేదు, టీ కొట్టు బల్ల మీద నుంచే తేల్చేశాడు.

శ్రీలత మళ్లీ ఫోన్‌లో టైము చూసుకుంది. కూతురు దీపకు పదింటికి సిరిసిల్లలో నర్సు ఉద్యోగం ఇంటర్వ్యూ. మొన్ననే కొన్న సెకండ్‌హ్యాండ్ కారు. కోరుట్ల దాటి స్పీడు పెంచగానే ఎడమ వెనక చక్రం దగ్గర గుర్రుమనడం మొదలుపెట్టింది. జగిత్యాల బయట మెకానిక్ షాపు కనబడి ఆపితే షట్టర్ దించి ఉంది. మెకానిక్ వెల్గటూర్ నుంచి రావాలట. పక్కనే కరుణాకర్ టీ కొట్టు. కొట్టు నిండా జలపతి గొంతు. దుబాయ్‌లో డ్రైవరుగా చేసి వచ్చినవాడు.

"టైరు గావచ్చు గదన్నా?"

"టైరు సప్పుడు రోడ్డును బట్టి మారుతది చెల్లె. తారు మీద ఒక తీరు, సిమెంటు మీద ఒక తీరు. బేరింగుకు రోడ్డుతోని పనిలేదు. స్టీరింగ్ అటిటు తిప్పితె ఒక దిక్కు పెరుగుతది, ఒక దిక్కు తగ్గుతది. నీదెట్లున్నది?"

"తిప్పితె తగ్గుతున్నది," అంది శ్రీలత. అది నిజం కాబట్టే ఆమెకు భయం వేసింది.

"సూసినవా! నిరుడు ధర్మపురి పోయే ఆటోల కండ్లు మూసుకొని చెప్పిన, ముందటి చక్రం బేరింగ్ పోయిందని. దిగి సూస్తె పోయింది. గిదేముంది, దుబాయ్‌ల మా షేకుకు ఇరవై కార్లు, అన్ని ఒక్కసారి పోతుంటె నేను మేడ మీద పండుకొని, ఆరో కారు కుడి చక్రం అని చెప్పేటోన్ని. షేకు నా చెవికి ఇన్సూరెన్స్ చేయించిండు."

"రెండు చెవులకా?" కరుణాకర్ టీ వడపోస్తూ అడిగాడు.

"కుడి చెవికే. ఎడమది టైర్ల కోసం, గది మామూలుదే. ఆ తర్వాత ఏమైందో తెలుసా? సెలవు మీద ఇంటికస్తున్న. విమానం లేసింది, చక్రాలు లోపలికి ముడుసుకుంటున్నయ్, గప్పుడు ఇనబడ్డది నాకు. సక్కగ పైలట్ దగ్గరికి పోయిన. 'సారూ, గీ బేరింగు మీద దిగితె అందరం పోతం' అన్న. ఆయన గజగజ వణికిండు. 'మరెట్ల జలపతి గారూ?' అన్నడు. 'సముద్రం మీద జర కిందికి దించు' అని, ఒక చేత్తోని రెక్క పట్టుకొని ఏలాడుకుంట, ఇంకో చేత్తోని చక్రానికి గ్రీజు పెట్టిన."

"గ్రీజు విమానంల ఎట్ల రానిచ్చిండ్రే?" అన్నాడు కరుణాకర్.

"అన్నంతోని ఇచ్చే వెన్న ప్యాకెట్లు! మూడొందల మందివి జమ చేసిన."

శ్రీలత ఓపిక అయిపోయింది. "అన్నా, మేం సిరిసిల్ల పోవచ్చునా, పోవద్దా?"

"పోతె వేములవాడ కాడ చక్రం ఊడుతది. మీకన్న ముందుగాల గదే ఉరుక్కుంట సిరిసిల్ల చేరుతది. చక్రం ఇంటర్వ్యూల కూసుంటది, బిడ్డ రోడ్డు మీద ఉంటది."

"అమ్మా, నేను బస్సుకు పోత," అంది దీప.

"బస్సు ఇప్పుడే పాయె బిడ్డా," అన్నాడు కరుణాకర్.

దీప కళ్లు నిండాయి. వాయిదా వేయమని అడుగుదామని శ్రీలత ఆసుపత్రి నంబరు వెతకసాగింది.

అప్పటిదాకా బల్ల చివర కూర్చుని మనవరాలినీ, జలపతినీ మార్చి మార్చి చూస్తున్న అత్త సాయవ్వ లేచింది. కారు పక్కన చతికిలబడి, వెనక చక్రం లోపలికి చెయ్యి పెట్టి గట్టిగా గుంజింది. నల్లదారానికి వేలాడుతూ ఒక పాత రబ్బరు చెప్పు బయటికొచ్చింది. మడమ సగం అరిగిపోయి ఉంది.

"వాడకట్టంత కారునే సూడవట్టె. దిష్టి తగులుతదని పొద్దుగాల కట్టిన. ముందట కడితె నువ్వు నవ్వుతవని లోపట కట్టిన," అంది కోడలితో. "గాలికి ఊగి టైరుకు రాసుకుంటున్నట్టున్నది."

శ్రీలత డ్రైవరు సీట్లో కూర్చుంది. ఒక్కతే కారు తీసి, రోడ్డు మీద స్పీడుగా వెళ్లి తిరిగొచ్చింది. చప్పుడు లేదు.

"ఎక్కుండ్రి, ఎక్కుండ్రి!"

దీప ముందు సీట్లోకి దూకింది. సాయవ్వ కారులోకి ఒక కాలు పెట్టి, జలపతి వైపు తిరిగింది.

"కొడకా, గా విమానానికి గూడ ఎవలన్న అవ్వ చెప్పు గట్టిందేమో. రెక్క పట్టుకొని ఏలాడేముందు అడిగినవా?"