కంట్లో కనబడని బొమ్మ

నాందేడ్‌లో ఓ మిట్టమధ్యాహ్నం. డాక్టరు చదువు మొదటి ఏడాదిలో ఉన్న కోమల్ పుస్తకం ముందేసుకుని కూర్చుంది. ఎదురుగా ఆమె వదిన శీతల్, ఒళ్లో ఏడాది కొడుకు యోగేశ్.

“...గదే వదినా. గ్రీకులు కోరె అన్నరు, అంటే ఆడపిల్ల. లాటిన్ల ప్యూపిల్లా, చిన్న బొమ్మ. డాక్టర్లు అనే ప్యూపిల్ గాడ్నుంచే అచ్చింది.”

“మనం కంటిపాప అంటం. గదేనా?”

“గదే. ఎదుటోళ్ల కంట్ల మనం చిన్నగ బొమ్మలెక్క కనబడ్తం, అందుకని. నా కంట్ల జూడు, ఉన్నవా?”

“ఉన్న. బొట్టుతోని సహా ఉన్న.”

“పరీక్షల సార్ గిదే అడుగుతడు.”

“కోమల్, మరి... బొమ్మ కనబడకపోతే?”

“ఎందుకు కనబడదు?”

“ఊకెనే అడిగిన. చదువుకో.”

“ఎవలి కంట్ల కనబడలే వదినా?”

“ఎవలి కంట్ల లేదు. చాయ్ పెట్టనా?”

“చాయ్ వద్దు. యోగేశ్‌ను ఇటియ్యి.”

“నిద్రకొచ్చిండు, తర్వాత ఎత్తుకో...”

“ఇటియ్యి. రాజా, అత్త దిక్కు జూడు. కుడికంట్ల ఉన్న. ఎడమ... వదినా, జర కిటికీ తెరువు.”

“ఎండొస్తది.”

“తెరువు. గిదేంది, లోపలంత తెల్లగ, పిల్లికన్ను లెక్క? ఎప్పటిసంది?”

“ఏమో.”

“తొట్టెల పండుగనాటి ఫోటోల నల్లగనే ఉండె గద. నేను జూసిన.”

“గది... ఫోటోవాలా సిరాతోని దిద్దిండు. ఫ్లాష్ పడి ఒక్క కన్ను తెల్లగొచ్చింది, నల్లగ జేసిచ్చిన అన్నడు.”

“నువ్వేమన్నవ్?”

“మంచిపని జేసినవ్ అన్న.”

“వదినా, పసిపిల్లల కంట్ల గిట్ల మెరిస్తే లోపల గడ్డ ఉండొచ్చని సార్ చెప్పిండు. ఆలస్యమైతే పానం మీదికొస్తది. ఇయ్యాలనే పెద్ద దవాఖానకు పోదాం. అమ్మకు ఎరికేనా?”

“చూపెట్టిన. ఎవలికి చెప్పకు, మాహూర్ అమ్మోరి గుడికి పోయి మొక్కుకుందాం అన్నది.”

“మొక్కు తర్వాత. ముందుగాల అన్నను పిలువు.”

“ఆయనకు చెప్పొద్దని నాతోని ఒట్టేయించుకున్నది.”

“అన్నకెందుకు చెప్పొద్దు? గిది తండ్రికుంటే పిల్లలకు రావొచ్చంటరు. మనింట్ల ఎవలికి లేదు గద, దాచేదేముంది?”

“మీ అన్న ఎడమకన్ను ఎట్ల పోయింది కోమల్?”

“చిన్నప్పుడు చిర్రగోనె ఆడంగ కట్టెపుల్ల ఎగిరి తాకి. అందరికి ఎరికే గద.”

“తాకలే. గిట్లనే తెల్లగ మెరిస్తే, డాక్టర్లు కన్ను తీసేసిన్రంట, ఒట్టేయించుకున్ననాడు అత్తమ్మనే చెప్పింది. ఆయనకు గూడ ఇయ్యాల్టిదాక చెప్పలే.”