పరుపుల బండికి ఎనిమిది కొక్కేలు

“అవ్వా, మీ బండి డబ్బల గా ఇనుప కొక్కేలు ఎవరు పెట్టిచ్చిన్రు? మా ఆయన పాత పికప్ తెచ్చిండు. తాడు కట్టనీకి యాడ జాగనే లేదు.”

ఎవరంటవ్? నేనే పెట్టిచ్చిన బిడ్డా, ఈ మాబమ్మనే. కూసో సుజాతా, జర ఇటు జరుగు, మీద ఎండ పడ్తుంది. గా ఫోన్ల నా మాట రికార్డు పడ్తుందా? పడనీ. అగో, మంచం మీద మీ కాశీం తాత అప్పుడే నవ్వుడు షురూ చేసిండు సూడు. రోజంత చెవులు వినరావంటడు, ఈ ముచ్చట తీస్తే మాత్రం అన్నీ వినొస్తయ్.

మాది దూదేకే పని గదా. మా అత్త మామ భుజానికి ఏకుడు విల్లు ఏసుకొని ఊరూరు తిరుగుతుండిరి. ఒక పరుపు కుడితే రెండు రూపాయలు, ఇంత జొన్నలు. ఆ రెండు రూపాయలకే మా అత్త ఎంత ఖుషీ అయితుండెనో! సరే, ఆమె ముచ్చట ఇప్పుడొద్దు, ఆమెది తీస్తే పొద్దుగూకుతది. మల్ల మిషిన్లు వచ్చినయ్, మేం ఆత్మకూర్ల దుకాణం పెట్టినం. నిరుడు... కాదు కాదు, మొన్నటేడు పికప్ కొన్నం. పాతదే. అంతకు ముందు దాంట్ల నీళ్ళ క్యాన్లు కొట్టిన్రంట. డబ్బ లోపల అంత సాపు, అద్దం లెక్క. తాడు కట్టనీకి ఎనక తలుపు గొళ్ళెం ఒక్కటి, ముందల కమ్మి ఒక్కటి. నడుమ ఏం లేదు.

పరుపంటే బరువుండదు గదా, గాలికి లేస్తది. అందుకని మీ తాత ఏం ఉపాయం చేసిండో తెల్సా? “నువ్వు పైకెక్కి కూసో, బరువుంటది” అన్నడు. నేనప్పుడు ఇంకా జర లావుంటి. తాడు లేని కాడ తాడును నేనే! పరుపుల మీద ఎనక్కి మొకం పెట్టి, కొంగు నెత్తికి కట్టుకొని కూసుంటుంటి. ఊర్లల్ల పోరగాండ్లు చేతులూపుతుంటిరి, నేను గూడ ఊపుతుంటి. నిజం చెప్పాలంటే నాకు మంచిగనే ఉంటుండె.

ఆషాఢం. గాలి మస్తుగుంది. ధరూర్ దిక్కు శ్రావణంల పెండ్లి పెట్టుకున్నోళ్ళకు ఆరు పరుపులు ఏసుకొని పోతున్నం. జూరాల డ్యాం కట్ట మీదికొచ్చినం. ఒక్కకాడ స్పీడ్ బ్రేకర్ ఉంటె బండి మెల్లగైంది. మెల్లగైంది, దాటింది, మల్ల గుంజింది. ఆ గుంజుడుకే పైపరుపు జర్రున జారింది. నేను దాని మీదనే ఉన్న. పరుపు, నేను, ఇద్దరం గల్సి రోడ్డు మీదికి దిగినం! గోరంత దెబ్బ తగల్లే. రోడ్డు నడుమ, కాళ్ళు చాపుకొని, పరుపు మీద నవాబు బేగం లెక్క కూసున్న. బండేమో పోతనే ఉంది.

పెండ్లయి నలభై ఏండ్లయింది, ఎన్నడు మొగని పేరు పెట్టి పిల్వలే. ఆ దినం పిలిచిన. “ఓ కాశీమయ్యా! ఓ కాశీం!” అని మూడుసార్లు మొత్తుకున్న. యాడ? ఆయన చెవులు నీకు తెల్వదా!

చేపల గంప కట్టుకున్న మోటర్ సైకిలాయన ఒకడు ఆగి, “పెద్దమ్మా, పండుకోనీకి గిదే దొరికిందా?” అన్నడు. నాకు నవ్వాగలే. లేద్దామంటే నవ్వు, మాట్లాడ్దామంటే నవ్వు. అంతల గద్వాల బస్సు వచ్చింది. డ్రైవర్ ఆపిండు. కండక్టరమ్మ దిగి నన్ను చూసింది, పరుపును చూసింది, “ఏమైందమ్మా?” అంటె, “మా ఆయన నన్ను ఇడిసిపెట్టి పోయిండు” అన్న. ఆమె పాపం ఇంకోటి అనుకొని, “అయ్యో, గిట్ల రోడ్డు మీదనా?” అని నా చెయ్యి పట్టుకుంది! బండి ముచ్చట చెప్తె అప్పుడు నవ్వింది.

పరుపును మడిచి బస్సులెక్కిచ్చిన్రు. ఆడోళ్ళకు టికెట్ లేదు గదా, ఆధార్ కార్డ్ అడిగింది. కార్డున్న సంచి బండిల ముందలుంది, నేను ఎనక పడ్డ. “పోనీలే అమ్మా, నీకు జీరో టికెట్ కొడ్త. పరుపు మాత్రం ఆడమనిషి కాదు, దానికి లగేజి తీస్కోవాలె” అంది. బస్సు బస్సంత నవ్వుడే.

కట్ట దాటినంక మా బండి కనిపించింది. మీ తాత తీరువాటంగ పోతుండు. బస్సు పక్కకు రాంగనే అందరం కిటికీలు కొట్టినం. ఆయన మొకం తిప్పిండు, నన్ను చూసిండు... చూసి తలకాయ ఊపిండు! తెల్సినోళ్ళు పోతుంటె ఊపినట్ల! మల్ల ముందుకు చూసి నడుపుకుంట పోయిండు. ఏమయ్యా, కాదంటవా? “మీ అక్క అనుకున్న” అనలేదా నువ్వు?

ఒక్క నిమిషానికి సమజైనట్టుంది. బండి పక్కకు ఆపి, చెప్పులు ఆడనే ఇడిసి ఉరికొచ్చిండు. బస్సు గూడ ఆగింది. ఆయన మొకం తెల్లగ సున్నం లెక్కైంది. నా చేతులు పట్టి చూస్తుండు, మోకాళ్ళు పట్టి చూస్తుండు. “తగిలిందా? యాడ తగిలింది?” అంటుండు. “తగల్లే” అంటె ఇనడు. ఎనక ఒక లారీ వస్తుండె అనుకో, ఏమైతుండె? ఆ మాట ఆయనే అన్నడు. అని రోడ్డు పక్కకు కూలబడి ఏడ్సిండు బిడ్డా. అప్పుడు నేను గూడ ఆయన పక్కనే కూలబడ్డ. అంతదాంక నవ్విందంత యాడికి పోయిందో. కండక్టరమ్మ నీళ్ళ సీస ఇచ్చింది, ఇద్దరం తాగినం.

తెల్లారి గద్వాల్ల అడిగితే, కొత్త కమ్ములు, కొక్కేలు బిగియ్యనీకి శాన పైసలు చెప్పిన్రు. మీ తాత “పై నెలల చూద్దాం” అన్నడు. నేను ఇన్నానా? మా ఈధిల వెల్డింగ్ చేసే రాములన్న కాడికి నేనే పోయిన. ఆయన పక్క రేకుకు రింగులు అతికిచ్చిండు. “గుంజి చూడు వదినా” అన్నడు. నేను గుంజిన. రేకు అప్పడం లెక్క చినిగి రింగు నా చేతికే వచ్చింది! ఇద్దరం ఒకరి మొకం ఒకరం చూస్కున్నం.

అప్పుడు రాములన్న బండి కిందికి దూరిండు. ఆడ్నుంచే చెప్పిండు: “వదినా, రేకుకు బలం లేదు. కింద అడ్డంగ కమ్ములున్నయ్, బలమంత ఈడుంది.” పాత ఇనుము దుకాణంల లారీ కమాను పట్టీలకు బిగిచ్చే యూ బోల్టులు కిలో లెక్క దొరికినయ్. గుర్రపు నాడ లెక్క వంగి ఉంటయ్ సూడు, గవే. కమ్మికి అటొక బొక్క, ఇటొక బొక్క అడుగు రేకుకు కొట్టి, బోల్టును పైకెల్లి దింపి, కింద ఇనుప పట్టి పెట్టి, నట్లు బిగిచ్చిండు. కింద పట్టి పెట్టకుంటె మల్ల చినుగుతది, యాది పెట్టుకో. నేనేమో పాత సైకిల్ టైరు గుండ్రంగ కోసి రేకుకు బోల్టుకు మధ్యల పెట్టిచ్చిన, నీళ్ళు దిగొద్దని, గలగల సప్పుడు రావొద్దని. ఇటు నాలుగు కొక్కేలు, అటు నాలుగు. ఎర్ర రంగు నేనే ఏసిన, చీరకు గూడ అయింది. మొత్తం గల్సి ఆ చీర ధర గూడ కాలే.

వారం దినాలకు గద్వాల్ల ఆడపిల్లల హాస్టలుకు ఇరవై పరుపులు ఏసుకపోవాలె. తాళ్ళు ఇటుకెల్లి అటు, అటుకెల్లి ఇటు, మంచం నవారు అల్లినట్ల అల్లినం. మీ తాత అలవాటుగ “ఎక్కు పైకి” అన్నడు. అని నాలిక కరుసుకున్నడు. నేను పోయి ముందల తలుపు తీసి కూసున్న.

కట్ట మీద గాలి గట్లనే కొడ్తుంది. ఆయన అద్దంల ఎనక్కి చూసుడే చూసుడు. “రోడ్డు చూడయ్యా సామీ!” అని తిట్టిన. కట్ట దాటినంక దిగి చూసినం. ఒక్క పరుపు బెత్తెడు జరిగితే ఒట్టు! నేను రోడ్డు మీదనే చప్పట్లు కొట్టిన. హాస్టల్ కాడికి పోతె ముడులు ఇప్పనీకి రావు! అంత బిర్రుగ కట్టినం. పిల్లలొచ్చి పండ్లతోని పట్టి గుంజుతున్నరు, వార్డెనమ్మ అరుస్తుంది, మేం నవ్వుతున్నం. దింపినయి దింపినట్లనే పిల్లలు ఎక్కి ఎగురుడు.

వాపసు వచ్చేటప్పుడు మిర్చి బజ్జీలు కట్టిచ్చుకొని, ముందల సీట్ల నేను, పక్కకు ఆయన. నేను ముందల అద్దంలకెల్లే చూస్తుంటె “ఏం చూస్తున్నవ్?” అన్నడు. “రోడ్డు ఎదురొస్తుందయ్యా” అన్న. బండి కొన్న కాన్నుంచి ఎనక్కి పోయే రోడ్డే చూసిన గదా బిడ్డా. ఎదురొచ్చే చెట్లు, ఎదురొచ్చే నీళ్ళు, గేట్ల కాడ లేసే తెల్లటి తుంపర... గద్వాల తొవ్వ అంత మంచిగుంటదని నాకు అప్పుడు తెల్సింది.  ఆయన బండి జర మెల్లగ నడిపిండు, అంతే.

రేపు మీ ఆయనను తోల్కరా, రాములన్న కాడికి నేనే వస్త. మీ బండి సల్లగ తిరగాలె. ఏ సరుకేసినా యాడ జారకుండ ఇల్లు చేరాలె. నువ్వు మాత్రం ఎనక ఎక్కకు బిడ్డా, ముందల కూసో... ఎదురొచ్చేవన్ని కండ్లార చూసుకుంట పో...