కొలిమి మేస్త్రి ఒంటి వేడి

మా ఇనుప పోత ఫ్యాక్టరీకి వేడి కొలిచే తుపాకీ వచ్చిన రోజు సాయంత్రం, గేటు ఎదురుగా టీకొట్టు బెంచీ మీద కొలిమి మేస్త్రి మధ్యలో చోటు చేసుకుని కూర్చున్నాడు. కరిగే ఇనుము రంగు చూసి పోతకు వచ్చిందో లేదో చెప్పేది ఇన్నేళ్లూ ఆయనే. ఇకమీదట ఆ పని తుపాకీ చేస్తుందట. మేమెవరమూ ఆ ఊసెత్తలేదు. ఆయనే ఎత్తాడు.

"అదొక ఆటబొమ్మరా. పొద్దున యజమాని దాన్ని కొలిమికి గురిపెట్టి, ఇంక పొయ్యమన్నాడు. నేను గేటు దగ్గరున్నా. అక్కణ్ణించే ఓ చూపు చూశా. ఎరుపు పోయింది, నారింజ దాటింది, పసుపు ఇంకా తిరగలేదు. ఒక్క టీ తాగేంత సేపు ఆగండన్నా. ఆగారు. పోస్తే సరుకు గంటలా మోగింది. ఎలా కనిపెట్టావయ్యా అన్నాడాయన. వేడెక్కిందేదీ కడుపులో దాచుకోదు బాబూ, కొంత సెగగా, కొంత వెలుగుగా బయటికి కక్కేస్తుంది, చూసే కన్నుండాలి అన్నా."

పక్క కొట్టు మంగలి, అంతవరకూ నిజమేనని ఒప్పుకున్నాడు. ఒప్పుకోకుండా ఉండాల్సింది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆయన చెయ్యి జారి తుపాకీ నా నుదుటి వైపు తిరిగింది. ఇక చూడు, అంకెలు పరుగో పరుగు. కొలిమిని దాటి పోయి, కుయ్యిమని ఆరిపోయింది. మరి ఇన్నేళ్లు నిప్పు ముందు నిలబడ్డ ఒళ్లు, తాగిన సెగంతా ఎక్కడికి పోతుంది?"

"మరి చొక్కా కాలదా?" అన్నాడు టీకొట్టు బాబాయి.

"దానికీ అలవాటైపోయింది. మా ఆవిడ ఉతికిన బట్టలు నా చుట్టూతా దండెం కట్టి ఆరేస్తుంది. వానాకాలమైతే వీధి వీధంతా బకెట్లతో మా గుమ్మంలోనే. కరెంటు పోయిందా, తలగుడ్డ తీస్తా. బట్టతల వెలుగులో పిల్లలు లెక్కలు చేసుకుంటారు. ఆ గుడ్డ ఓ రాత్రి నిద్దట్లో జారితే, పక్కింటి కోళ్లు తెల్లారిందనుకుని గొంతులు పోయేలా కూశాయి. అదట్లా ఉంచు. పోయిన చలికాలం కొలిమి చల్లారి, లోపల ఇనుము గడ్డకట్టలా? వీపానించి నిలబడ్డా. నెయ్యిలా జారింది."

నెయ్యిలా అనేసరికి మంగలి దగ్గినట్టు చేసి మొహం తిప్పుకున్నాడు. మేస్త్రి అది మెచ్చుకోలనుకున్నాడు.

"గ్రహణం రోజు సంగతి చెప్పలేదు కదూ? పట్టపగలు చీకటైపోతే, ఆడాళ్లు బియ్యం ఏరడానికి ఇబ్బందంటున్నారని డాబా ఎక్కి గుడ్డ తీశా. గూళ్లకెళ్లిన పిట్టలు వెనక్కొచ్చాయి. గ్రహణం విడిచాక సూర్యుడు ఇటు తొంగి చూశాడు. ఇక్కడ మనిషున్నాడు కదా అని మబ్బు చాటుకెళ్లి పూట సెలవు పెట్టేశాడు. అలాంటి నన్ను తీసేసి తుపాకీ పెట్టుకుంటాడా మీ యజమాని? నేను గేటు దాటితే ఆ కొలిమే అలుగుతుంది."

ఆ చివరి మాట దగ్గర ఆయన గొంతు కాస్త పలచబడింది. ఎవరమూ నవ్వలేదు.

ఆయన బావమరిది లారీ డ్రైవరు. సరుకు ఎక్కించుకోవడానికొచ్చి, ఇంతసేపూ నోరు మెదపకుండా పక్కనే టీ తాగుతున్నాడు. గ్లాసు కింద పెట్టి నిదానంగా అన్నాడు.

"తీసెయ్యడులే బావా. నీ కన్ను గురించి ఆయనకీ తెలుసు. కానీ నీ ఒంటి సెగంతా ఊరికే పంచేసి వస్తున్నావేమో, ఇంటికి మిగలట్లేదు. నీ కాళ్లు తగిలితే ఐసుగడ్డ తగిలినట్టుందని మా అక్క మంచం వేరే వేయించుకుంది. ఆ మంచం దింపడానికే ఇందాక మీ ఇంటికెళ్లొచ్చా."

కొలిమి మేస్త్రి చెప్పుల్లోంచి కాళ్లు తీసి, మెల్లిగా బెంచీ కిందికి లాక్కున్నాడు.