గేటు బుక్కుల లేని పేరు

హలో… ఆ, నేనే బావా, భూమన్నను. ఆదిలాబాద్ పోస్టాఫీసుల ఉన్న. పొద్దటి సంది కూసుంటే ఇప్పుడు కలిసింది లైను… నీ చెల్లె మంచిగనే ఉన్నది. అది పక్కకు పెట్టు. నువ్వు గుమస్తగ ఉన్న వకీలు సాబ్ ఏమన్నడు? పట్నంల నా ఓవర్‌టైం కేసు పేషీ రేపేనా?

…రేపే. మంచిది.

…మళ్ల గదే మాటనా? సూపర్‌వైజరుకు ఓవర్‌టైం ఉండదని మిల్లోళ్లంటరు, తెల్సు. నేనేం సూపర్‌వైజర్‌ను బావా? ఆంధ్ర, తెలంగాణ కలిసిన ఏడాది సూపర్‌వైజరని పేరు పెట్టి ఒక కుర్సీ ఇచ్చిండ్రు. దాని మీద నేను కూసున్నది లేదు, లెక్కలు రాసే మునీం దాని మీద తన టోపీ పెడుతడు. నేను పత్తి గింజ తీసే జిన్నింగు మిషిన్ల కిందనే పండుకొని నూనె పోస్తున్న. దినకూలి ఉన్నప్పుడు ఎనిమిది గంటలు దాటితే డబల్ ఇచ్చెటోళ్లు. నెలజీతం జేసి, పది రూపాయలెక్కిచ్చి, పత్తి సీజన్ల పదహారు గంటలు…

…గదే చెప్పుమను వకీలును. ఏం పని జేస్తున్ననో సూడాలె గని, ఏం పేరు పెట్టిండ్రో ఎందుకు?

…లేబర్ ఆఫీసర్ గట్లనే అన్నడా? మరింకేంది బావా, గెలిచినట్టే గదా…

…సబూతా? ఎన్ని గంటలు జేసిన్నో రుజువు కావాల్నా?

…గేటు బుక్కుల నా పేరు లేదు బావా. మూడేండ్ల సంది లేదు.

…ఎవ్వలు తీసెయ్యలే. నేనే తీపిచ్చిన.

…గప్పుడు నెత్తికెక్కింది. నెలజీతమాయె, కుర్సీ ఆయె. ఇంక గా పత్తి బోరాలు మోసెటోళ్ల ఎన్క నిలవడి, వచ్చినప్పుడొకపారి, పోయినప్పుడొకపారి సంతకం పెట్టుడేందనిపిచ్చింది. మిల్లు సేటుకు దరఖాస్తు ఇచ్చిన. నవ్వి, సరే భూమన్నా, నువ్వు ఆఫీసరువే అన్నడు. ఆ దినం మిఠాయి దుకాన్ల సేరు పేడాలు కొని పంచిన.

…వాళ్ల వకీలు తాన ఉన్నదా గా దరఖాస్తు? నువ్వు సూసినవా? ఏమని ఉన్నది?

…“నేను కూలిని కాను, అధికారిని…” మంచిగనే రాసినవ్ బావా.

…నీ తప్పంటలేను. నేను చెప్పిన, నువ్వు రాసినవ్. నాది మూడో తరగతి సదువాయె, నీది సక్కటి దస్తూరి.

…ఎవలు, గేటుకాడి హనుమంతా? మొన్న పోయి అడిగిన. నువ్వు పోయినంకనే గదన్నా నేను తాళమేసేది, నాకు తెల్వదా అన్నడు. మరి పేషీకి వచ్చి గా ముక్క చెప్పరాదు తమ్మీ అన్న. “నన్ను గూడ నెలజీతం జేస్తనన్నడన్నా సేటు” అన్నడు.

…వాన్నేం తిట్టాలె? పేడాలు పంచిన దినం అందరికన్న ఎక్కువ సంబురపడ్డోడు వాడే.

…ఆ? ఆపరేటరమ్మా, ఇంకో మూడు నిమిషాలియ్యి తల్లీ. పైసలు కడత.

బావా, ఉన్నవా? ఇను. కేసేసిన కాడ్నుంచి నన్ను మిల్లులకు రానిస్తలేరు, నలభై దినాలాయె. నిన్న మునీం ఇంటికే వచ్చిండు. రేపు కేసు వాపసు తీసుకుంటే ఎల్లుండి సంది పనిల పెట్టుకుంటరంట.

…లేదు, పాతది ఒక్క పైస ఇయ్యరు. జీతం గదే, గంటలు గవే. కాదంటే ఇంకెవన్నో పెట్టుకుంటరు. సీజన్ షురూ అయింది, పత్తి బండ్లు సడక్ పొడుగునా నిలబడ్డయి.

…నాయం నీకంటె నాకెక్కువ తెల్సు. ఇంట్ల జొన్నలైపోయి నాలుగు దినాలాయె. నీ చెల్లె నీకు చెప్పద్దన్నది.

…పైసలు పంపకు. ఎన్ని దినాలని పంపుతవ్?

…ఊకె వాపసు తీసుకుంటే సాలదంట. ఒక కాయితం రాసియ్యాలె. మూడేండ్లల్ల ఒక్క దినం గూడ, ఒక్క గంట గూడ, ఎక్కువ పని జెయ్యలేదని.

…తెల్సు.

…నాకు తెల్వదా బావా అది అబద్ధమని? నా నడుముకు తెల్వదా?

…నువ్వే రాయి. పొద్దుగాల పేషీకి ముందే ఇయ్యాలె. పొట్టిగ రాయి, ఇంతే ముక్క… రాస్తవా?… బావా…

హలో… హలో…

ఆపరేటరమ్మా, లైను కట్టయిందా? …మరి?

…ఆయనే ఫోన్ పెట్టేసిండా.

…వద్దమ్మా, మళ్ల కలపకు. రాత్రి బండికి నేనే పట్నం పోయి రాసిచ్చొస్త.