పేర్లు చెప్పేవాడు

1984, అమెరికాలోని చాండ్లర్. ఆదివారం ఆరాధనకు వెళ్తున్న కారులో సుందర్ రాజ్, ఆయన భార్య వసంతకుమారి. ఆరాధన ముగిశాక తెలుగు సంఘానికి కార్యదర్శిని ఎన్నుకుంటారు.

"ఆ నోట్‌బుక్ మూసేయ్ వసంతా. నా నవల పూర్తయ్యాక చదువుదువుగాని."

"మీరు డ్రైవ్ చేయండి. మీ క్వింటస్ రోమ్‌లో కాన్సల్ పదవికి నిలబడ్డాడు. అంగీకి సుద్దపొడి రుద్దుకుని కూడలికి బయల్దేరాడు. అంత తెలుపెందుకండీ?"

"ఓట్లడిగేవాళ్ళు అలాగే వెళ్ళేవాళ్ళు. దూరం నుంచే కనబడాలని."

"అందుకేనా నిన్న నాచేత మీ చొక్కాకి రెండుసార్లు గంజి పెట్టించారు?"

"అదీ ఇదీ ఒకటేనా? నాది సేవ."

"క్వింటస్ కూడా అదే అంటున్నాడు. పన్నెండో పేజీలో."

"నీతో కష్టం. నువ్వూ తెల్లచీరే కట్టావుగా?"

"ఆదివారం కదండీ. ఇంతకీ క్వింటస్ పక్కన ఈ బానిస ఎవరు?"

"పేర్లు చెప్పేవాడు. ఎదురొచ్చినవాడి పేరు, వాడి పిల్లల పేర్లు యజమాని చెవిలో ఊదుతాడు. యజమాని ఎన్నాళ్ళనుంచో తెలిసినట్టు పలకరిస్తాడు."

"మొన్న పిక్నిక్‌లో ఆమోసు గారి మోకాలి ఆపరేషన్ సంగతి మీకెవరు ఊదారు?"

"ఏదో ఒకటి రెండు చెప్పి ఉంటావు."

"ముప్పై ఒక్క కుటుంబాలు. దెబోరా గారిని పట్టుకుని 'లూసీ గారూ' అనబోతే గిల్లాను కూడా."

"గిల్లావులే, ఇంకా మండుతోంది. ఇవాళ కూడా గుమ్మం దగ్గర నా పక్కనే నిలబడు."

"ఈ బానిసకి పేరు పెట్టలేదేం?"

"కథకి అవసరం లేదు."

"ఊళ్ళో అందరి పేర్లూ తెలిసినవాడికి పేరే లేదా?"

"ఇది క్వింటస్ మనసు గురించిన నవల వసంతా. బానిసకి ఆశలేముంటాయి?"

"అడిగారా?"

"ఎవర్ని? వాడు నేను పుట్టించినవాడు!"

"సరే సరే. ఎడమకి తిరగండి, చర్చి దాటిపోతున్నారు."

"అన్నట్టు, రాత్రి మన సంఘం నళిని ఫోన్ చేసిందిగా. నాకు పోటీ ఎవరో చెప్పిందా?"

"చెప్పింది. ఆడవాళ్ళంతా కలిసి ఒక పేరు ఇచ్చారు."

"ఎవరిది? తొందరగా చెప్పు. మెట్ల మీద అప్పుడే జనం ఉన్నారు."

"మిగతావన్నీ చెవిలో చెప్తాను. అదొక్కటీ పాస్టర్ గారు పైకి చదువుతారు."

"వసంతా..."

"కారు ఆపండి. కొంగు సర్దుకోనివ్వండి. ఏవండీ, ఈ చీర దూరం నుంచి కనబడుతుందంటారా?"