చంద్రుడి మీద కొట్టిన ఫ్లాష్

మేనకోడలు ఫ్లాష్ కొనుక్కోవడానికి బయల్దేరుతుంటే తోడొస్తానని మావయ్య చెప్పులు వేసుకున్నాడు. వద్దనడానికి ఆమెకి కారణం దొరకలేదు. జీవితమంతా పెళ్ళిళ్ళకి ఫోటోలు తీసిన మనిషి, పైగా అమ్మకి సొంత తమ్ముడు. కళ్ళజోడు కాడ ఊడిపోయింది, బజార్లో బిగించుకుంటానని అత్తయ్య కూడా వెంట వచ్చింది.

మేనకోడలి ఇబ్బంది ఇదీ. ఒక నాటక బృందానికి పోస్టర్ల కోసం నటుల ముఖాలు తీసిపెట్టే పని ఒప్పుకుంది. వాళ్ళ రిహార్సల్ గది మూడో అంతస్తులో ఉంది. లిఫ్టు లేదు. ఎగిరితే తల తగిలేంత కిందికి ఉంటుంది కప్పు. ఉన్న ఒక్క కిటికీలోంచి చూస్తే పక్కింటి గోడ తప్ప ఏమీ కనపడదు. సరే కదా అని కెమెరా నెత్తిన ఉండే ఫ్లాష్‌తోనే తీసింది. రాజు వేషం కట్టినాయన ముఖం కొత్తగా సున్నం వేసిన గోడలా వచ్చింది, ఆయన వెనక నల్లటి నీడొకటి అంటుకుపోయింది. మేనేజరు ఆ ఫోటోలు అటూ ఇటూ తిప్పి చూసి, "ఇంకొక్కసారి ప్రయత్నం చెయ్యమ్మా. కుదరకపోతే వేరేవాళ్ళని పిలుచుకుంటాం" అన్నాడు, మర్యాదగానే.

వెలుతురు పక్కనుంచి రావాలి. అంటే ఫ్లాష్ కెమెరా మీద నుంచి దిగాలి. అంతవరకూ ఆమెకి తెలుసు. ఏది కొనాలో తెలియదు.

షాపాయన రెండు రకాలు బల్ల మీద పెట్టాడు. ఒకటి అరచేతిలో పట్టే ఫ్లాష్, దానికి అగ్గిపెట్టెలంత డబ్బాలు రెండు. "ఒక డబ్బా కెమెరా మీద కూర్చుంటుంది, రెండోది ఫ్లాష్ కింద. ఇక్కడ నొక్కితే అక్కడ వెలుగుతుంది, వైరు అక్కర్లేదు" అని చెప్పి, వాటి పక్కన వెలుతురుని మెత్తబరిచే తెల్ల గొడుగూ, మడత స్టాండూ పెట్టాడు. రెండోది పెద్ద లైటు. దాని బ్యాటరీయే బకెట్టంత ఉంది.

"చిన్నది దేనికమ్మా, బొమ్మల పెళ్ళికా? పెద్దదే తీసుకో" అన్నాడు మావయ్య. స్టూలు ముందుకి లాక్కున్నాడు. ఆయన స్టూలు లాక్కున్నాడంటే ఎదురుకొట్టు టీ రావాల్సిందే, పక్క షాపులో గడియారాలు బాగుచేసే ఆయన భూతద్దం నుదుటి మీదికి తోసుకుని వచ్చి గుమ్మానికి ఆనుకోవాల్సిందే. రెండూ జరిగాయి. అత్తయ్య మూల బెంచీ మీద సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"నేను ఇంకా చెయ్యి తిరగని రోజుల్లో ఒక పెళ్ళికి వెళ్ళాను" అని మొదలుపెట్టాడు మావయ్య. "సరిగ్గా అందరూ కూర్చునే వేళకి హాల్లో కరెంటు పోయింది. పెళ్ళివాళ్ళు నా ముఖం చూస్తున్నారు. నేనేం చేశానంటే, ఫ్లాష్ పట్టుకెళ్ళి హాలు ఆ చివర పెట్టించి, నేను ఈ చివర నిలబడి నొక్కాను. మధ్యలో వైరు అన్న మాట లేదు, అప్పటికి ఇలాంటి డబ్బాలు ఎవరూ కళ్ళతో చూడలేదు, నేనే ఏదో తంటాలు పడి చేసుకున్నాను. పెళ్ళికూతురి కనురెప్పలు ఒక్కొక్కటీ విడివిడిగా వచ్చాయి."

"అది నమ్మొచ్చు" అన్నాడు గడియారాలాయన.

నమ్మొచ్చు అన్న మాట మావయ్యకి పడదు. టీ గ్లాసు కింద పెట్టాడు.

"నమ్మొచ్చా? అయితే ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ ఫోటో చూసి ఇంకో పెళ్ళివాళ్ళు పిలిచారు. హాలు ఇరుకు, లోపల ఫ్లాష్ పెట్టే చోటు లేదు. రోడ్డు దాటించి ఎదురు మేడ మీద పెట్టాను. కిటికీల్లోంచి వెలుతురు ఎంత ధారగా పడిందంటే, అదే మేడ గోడ ఎక్కుతున్న దొంగ ఒకడు పోలీసులే అనుకుని తనంతట తనే దిగొచ్చి, చేతులెత్తి, పెళ్ళివాళ్ళ వరుసలో నిలబడ్డాడు. ఫోటోలో ఉన్నాడు. చాలా బాగా పడ్డాడు కూడా."

"దొంగేనా?" అన్నాడు షాపాయన.

"వాడే. తర్వాత తన పెళ్ళికి కూడా నన్నే పిలిచాడు. అది సరే, అసలు సంగతి విను. ఒకసారి ఊళ్ళో అందరినీ కలిపి ఒకే ఫోటో తియ్యమన్నారు. ఊరు ఎంతుంటుంది, ఫ్లాష్ ఎంతుంటుంది? కొండమీది నీళ్ళ ట్యాంకు ఎక్కించి, చీకటి పడ్డాక కొట్టాను. కాకులన్నీ లేచాయి. పేపరాయన సైకిలు తీశాడు. కాపలావాడు డ్యూటీ అయిపోయిందని ఇంటికెళ్ళిపోయాడు. బడిపిల్లలు తలలు దువ్వించుకుని గేటు దగ్గర నిలబడ్డారు. అది కాదు విచిత్రం, అందరి నీడలూ గోడలకి అంటుకుపోయాయి. మనుషులు ఇళ్ళకి వెళ్ళిపోయారు, నీడలు అక్కడే. మా పోస్టుమాస్టరు నీడ లేకుండా వారం తిరిగాడు పాపం, ఎండలో నిలబడాలంటే సిగ్గుపడేవాడు. చివరికి గోడ గోకి తీసుకోవాల్సి వచ్చింది."

మేనకోడలు నవ్వలేదు. ఇవి కోతలని ఆమెకి చిన్నప్పటి నుంచీ తెలుసు. కానీ ఏ కోతలోనైనా అడుగున పిసరంత నిజం ఉంటుందేమో, పెద్ద లైటు లేనిదే పని జరగదన్నదే ఆ పిసరేమో అని లోపల పీకుతోంది. చెయ్యి తనకి తెలియకుండానే పెద్ద లైటు మీదికి వెళ్ళింది. అది చూసి షాపాయన దాని అట్టపెట్టె దగ్గరికి లాగాడు.

మావయ్యకి ఊపొచ్చింది.

"ఇదంతా ఒకెత్తు, ఆ మైదానంలో పెళ్ళి ఒకెత్తు. ముఖం మీద వెలుతురు మెత్తగా పడాలంటే ఏం చేస్తాం? ఫ్లాష్‌ని కప్పుకేసి కొడతాం, అది తగిలి కిందికి జారుతుంది. మరి మైదానంలో కప్పేదీ? పైకి చూశాను. చంద్రుడున్నాడు, నిండుగా, తెల్లగా. ఇంతకంటే మంచి కప్పు ఏం కావాలని గురిచూసి కొట్టాను."

"చంద్రుడికా?" అన్నాడు షాపాయన.

"ఇంకెవరికయ్యా? ఎవరూ కదలకండి, వెలుతురు వెళ్ళి రావాలి అని చెప్పాను. ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. నేను కాఫీ తాగి, కప్పు కడిగి ఇచ్చి వచ్చేసరికి దిగింది చూడు వెలుతురు, వెన్నలాగా."

"ఎంతసేపు పట్టింది?" గడియారాలాయన కాస్త ముందుకి వంగాడు.

"అది నువ్వే చెప్పాలి. ఆ వెలుతురికి ఊళ్ళో గడియారాలన్నీ ఆగిపోయాయి."

మేనకోడలు పెద్ద లైటుని రెండు చేతులతో ఎత్తి చూసింది. మూడంతస్తులు ఎక్కడం గుర్తొచ్చింది. తీసుకునేదే అయితే దీన్ని నిలబెట్టేది కూడా తీసుకోవాలి కదా అనుకుని, "మావయ్యా, ఇంత బరువు దేని మీద పెట్టేవాడివి? నీ స్టాండు ఎలాంటిది?" అని అడిగింది. ఎగతాళికి కాదు, నిజంగానే అడిగింది.

"స్టాండా?" మావయ్య కొంచెం ఆలోచించాడు. గొంతు కొద్దిగా తగ్గింది. "అలాంటి స్టాండు ఇప్పుడు దొరకదమ్మా. ఎంత గాలొచ్చినా కదిలేది కాదు. వీళ్ళవన్నీ చేత్తో పైకీ కిందికీ జరపాలి, అది అలా కాదు. నేను కళ్ళతో ఇలా అంటే చాలు, ఎత్తు తనే చూసుకునేది. పెళ్ళికూతురు తల తిప్పితే తనే రెండడుగులు అటు జరిగేది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నిలబెట్టినా ఒక్క మాట..."

అక్కడ ఆగిపోయాడు.

"అది నేనేనమ్మా" అంది అత్తయ్య మూలనుంచి.

షాపాయన అట్టపెట్టె మీద నుంచి చెయ్యి తీశాడు.

"ఫ్లాష్ ఇదిగో ఈ చిన్నదాని అంతే ఉండేది" అని అత్తయ్య చూపించింది. "వైరు కూడా ఉండేది. ఎవరి కాళ్ళకీ తగలకుండా నడుముకి చుట్టుకునేదాన్ని. మనిషి పక్కగా, తలకంటే కాస్త ఎత్తులో పట్టుకుంటే సరిపోయేది."

"మరి చంద్రుడు?" అన్నాడు గడియారాలాయన.

"నాకేం తెలుసు? ఆ మెరుపులకి ఇంటికెళ్ళేదాకా నా కళ్ళ ముందు చుక్కలే." ఆవిడ దెప్పుతున్నట్టు లేదు. ఉన్నది చెబుతున్నట్టుంది.

మేనకోడలు పెద్ద లైటు కింద పెట్టేసింది. చిన్న ఫ్లాష్‌కి డబ్బా తగిలించి, రెండోది తను వెంట తెచ్చుకున్న కెమెరాకి తగిలించింది. మావయ్య ఇంట్లో అన్ని ఆల్బములూ చూసింది కానీ, వాటిలో ఎక్కడా అత్తయ్య ఉన్నట్టు ఆమెకి గుర్తుకు రాలేదు. "అత్తయ్యా, అక్కడే కూర్చో. ఒకటి తీసి చూస్తాను" అంది.

స్టాండు విప్పబోతున్న షాపాయనని మావయ్య వారించాడు. లేచి, ఫ్లాష్ ఒక చేత్తో, తెల్ల గొడుగు ఇంకో చేత్తో పట్టుకుని భార్య పక్కన నిలబడ్డాడు. ఫ్లాష్ గొడుగులోంచి మెరిసింది. కెమెరా తెరమీద అత్తయ్య ముఖం గుండ్రంగా వచ్చింది. ఒక చెంప వెలుతురులో ఉంది, రెండో చెంప మెత్తటి నీడలో. వెనక గోడ మీద ఏమీ అంటుకోలేదు. మేనకోడలు వెంటనే మేనేజరుకి ఫోను చేసి రేపే వస్తానని చెప్పింది. షాపాయన చిన్న ఫ్లాష్‌కీ, రెండు డబ్బాలకీ, గొడుగుకీ, స్టాండుకీ బిల్లు రాస్తున్నాడు, ఫ్లాషూ గొడుగూ ఇంకా మావయ్య చేతుల్లోనే ఉన్నాయి.

"ఇంకోటి తియ్యమ్మా" అంది అత్తయ్య, జుట్టు సర్దుకుంటూ. తర్వాత భర్తవైపు చూసింది. "కాస్త పైకి ఎత్తండి. ఇంకొంచెం. ఆ, కదలకండి."

ఆయన కదలలేదు.