డబ్బీనా, పైపా

ధర్మవరం స్టేషను, 2004. బెంగుళూరు రైలు కోసం అన్నాదమ్ములు సంజీవప్ప, గంగాధర.

“డబ్బీ చాలన్నా. పేగు కోసి ఏడాదైంది, బాగనే ఉండా. దొడ్డికి పోయినప్పుడు ఇంత తీసి డబ్బీలో పెట్టిస్తే, నెత్తురుండాదో ల్యాదో వాళ్లే చూసుకుంటారు.”

“గంగాధరా, పట్టుచీర మడత ఇప్పకుండా ఉత్త అంచు చూసి కొంటారా ఎవురైనా? నా అంగడిలో ఒగర్ని చూపించు.”

“నేను చీరనా?”

“క్యాన్సరొచ్చిన పేగురా. కింది నుంచి పైపేసి లోపల చూడాల.”

“డాక్టరు నీ ఇష్టమన్నాడు. ఇరవై ఏండ్లు ఆఫీసులో పన్జేస్తే నా ఇష్టం అడిగినోడు ల్యా. పెండ్లికి గూడా అడగలా. ఇప్పుడు అడిగినాడు. నా ఇష్టం డబ్బీ.”

“పోయినసారి నొచ్చిందా?”

“ఏమి?”

“పైపు.”

“సూదేసినారు, తెలీలా. ముందురోజు తాగే మందునీళ్లుండాయి చూడు, అవే సంపినాయి. ఐదిండ్లకు ఒగటే కక్కసు. లోపల నేను, బయట బాలనాగమ్మత్త చెంబు పట్టుకోని. ఏమబ్బా ఏమైందని ఆయమ్మ అడిగితే, బోండాలు పడలేదని చెప్పినా. ఆ బోండాలోడు ఇప్పటికీ నాతో మాట్లాడడు.”

“సూదేస్తే అస్సలు తెలీదా?”

“తెలీదన్నా. ఏల అన్నిసార్లు అడుగుతావు?”

“లోపల ఆడోళ్లుంటారా?”

“నర్సులుంటారు. నీకేల?”

“ఊరికే. చుట్టాలడిగితే చెప్పాల గదా.”

“చుట్టాలకు మొలల ఆపరేషనని చెప్పిందే నువ్వు.”

“చెప్పినాలే. మాట మార్చొద్దు. పైపు.”

“వద్దన్నా. డబ్బీలో ల్యాదంటే ల్యాదనుకోని ఇంటికొచ్చి పండుకోవచ్చు. పైపులో ఉండాదంటే మళ్లా కోస్తారు. నీ మరదలు సుచిత్ర మొగం మళ్లా అట్ల చూల్లేను నేను.”

“ల్యాదంటారేమో.”

“ఉండాదంటే?”

“రైలొస్తాంది, లెయ్.”

“చెప్పు, ఉండాదంటే?”

“ఉండాదంటే ముందే తెలుస్తాది. ముందే తెలిస్తే బతుకుతాం.”

“కోసేది నన్ను గదన్నా. నీకేల ఇంత ఆత్రం?”

“తోడబుట్టినోళ్లు గూడా చూపించుకోవాలని పోయినసారి చెప్పినాడు గదరా డాక్టరు. డబ్బీ నేనూ ఇచ్చినా, హిందూపురంలో, మీ వదినకు గూడా తెలీకుండా. నెత్తురుండాదంట. పైపు తప్పదన్నారు. ఆ పైపేసే బల్ల మీద నువ్వు ముందు పండుకోరా గంగా, లేసి ఏమీ కాలేదని చెప్పు. అప్పుడు నేనూ పండుకుంటా.”